మీ రికార్డు ఎందుకు వెనక్కి వస్తోంది?

ప్రశ్న: ఇంగ్లండ్‌లో ఆక్స్‌ఫర్డ్ దగ్గర ఉంటున్నాం. సీతాకోకచిలుకలను ఫొటో తీసి, ఎక్కడ ఏ రకం కనిపించిందో నమోదు చేసే కౌంటీ (మన జిల్లా లాంటిది) రికార్డులకు పంపుతుంటాను. కొన్ని ‘చోటు కుదరలేదు’ అని, కొన్ని ‘ఏ రకమో తేలలేదు’ అని వెనక్కి వస్తున్నాయి. తప్పెక్కడ?

జవాబు: ముందు చోటు సంగతి. బ్రిటన్ మ్యాపుల సంస్థ ఆర్డ్‌నెన్స్ సర్వే ఇచ్చే గ్రిడ్ నంబరులో తూర్పు అంకెలు ముందు, ఉత్తరం అంకెలు తర్వాత రాయాలి. ఎస్‌పి 512 064 అంటే ఆక్స్‌ఫర్డ్ నగరంలో 100 మీటర్ల చదరం (ఎస్‌పి అనేది అది పడే 100 కిలోమీటర్ల పెద్ద చదరం గుర్తు). దాన్నే తిరగేసి 064 512 అని రాస్తే ఆ రికార్డు సుమారు 45 కిలోమీటర్లు పడమరకు, అంతే దూరం ఉత్తరానికి జరిగి వేరే కౌంటీలో పడుతుంది. పక్కన పార్కు పేరో ఊరి పేరో రాస్తే అంకెలు తప్పినా రికార్డులు సరిచూసే రికార్డర్ పట్టుకోగలరు. చోటు గట్టిగా తెలియకపోతే నాలుగంకెలే ఇవ్వండి. అది 1 కిలోమీటరు చదరం, కానీ నిజం.

వాట్సాప్‌లో మామూలుగా పంపుకున్న ఫొటోలో తీసిన చోటు వివరం మిగలదు. అసలు ఫైలే ఎక్కించండి. ఇంటికొచ్చి ఎక్కించేవాళ్లు మ్యాపు మీద గుర్తు తమ ఇంటి మీదే నిలిచిందేమో ఒకసారి చూసుకోవాలి.

ఇక రకం. స్మాల్ స్కిప్పర్, ఎసెక్స్ స్కిప్పర్ అనే సీతాకోకచిలుకలు రెండూ చిన్నవి, నారింజ రంగువి. పైనుంచి తీసిన ఫొటోలో ఎంతటివారికైనా తేల్చడం కష్టం. మోకాళ్ల మీద కూర్చుని, ఎదురుగా, కింది వైపు నుంచి మీసాల కొనలు తీయండి. కొన అడుగుభాగం సిరాలో ముంచినట్టు నల్లగా ఉంటే ఎసెక్స్, నారింజో గోధుమో అయితే స్మాల్. కొన కనబడలేదా, ‘రెండింటిలో ఒకటి’ అని పంపండి. అదీ పనికొచ్చే రికార్డే.

ప్రశ్న: అబింగ్డన్ ఆక్స్‌ఫర్డ్‌షైర్‌లో ఉందిగా. అక్కడి మొక్క బెర్క్‌షైర్ కింద ఎందుకు నమోదైంది?

జవాబు: వృక్షశాస్త్రజ్ఞుడు వాట్సన్ 1852లో బ్రిటన్‌ను రికార్డుల కోసం 112 వైస్ కౌంటీలు అనే ప్రాంతాలుగా విడగొట్టాడు. అబింగ్డన్ బెర్క్‌షైర్ వైస్ కౌంటీలో పడింది. పాలనా సరిహద్దులు 1974లో మారి అబింగ్డన్ ఆక్స్‌ఫర్డ్‌షైర్‌లో చేరినా ఆ గీతలు కదల్లేదు. కదిలిస్తే పాత రికార్డులతో పోల్చి చూసే వీలు పోతుంది.

ప్రశ్న: వారం వారం ఒకే దారిలో నడుస్తూ సీతాకోకచిలుకలను లెక్కపెడతాను. ఏమీ కనిపించకపోతే?

జవాబు: సున్నా అని రాసి పంపండి. ఖాళీగా వదిలేస్తే మీరు వెళ్లలేదనే అర్థం. కొన్నేళ్లకు ఆ దారిలో ఒక రకం తగ్గిందో లేదో తేల్చేది ఈ సున్నాలే, అందుకే వాటిని మింగేయకండి. 1976 నుంచి నడుస్తున్న ఈ పద్ధతిలో ఏప్రిల్ 1 నుంచి 26 వారాలు నడవాలి. పక్కలకు రెండున్నర మీటర్లు చొప్పున, ముందుకు 5 మీటర్ల లోపు కనిపించినవే లెక్క. అవతల ఎంత అందమైనది ఎగిరినా విడిగా రాసుకోండి, లెక్కలో కలపకండి. సమయం 10:45 నుంచి 3:45 మధ్య. 13 డిగ్రీల లోపు చలి ఉంటే ఆ రోజు మానేయండి. 13–17 మధ్యైతే కనీసం 60 శాతం ఎండ ఉండాలి. చలి రోజున వచ్చే సున్నా వాతావరణానిది, సీతాకోకచిలుకలది కాదు.