వాక్యం పూర్తి కానివ్వు

చిట్టీ,

వికలాంగుల హక్కుల సంస్థకి నువ్వు డైరెక్టర్‌వి అయ్యావని మీ నాన్న ఫోన్‌లో చెప్పగానే పొంగిపోయాను. ఫోన్ పెట్టేశాక మాత్రం గుండెల్లో రాయి పడ్డట్టైంది. అలాంటి కుర్చీలో పంతొమ్మిదేళ్లు కూర్చున్నదాన్ని కదా.

లెక్కలు ఏ రోజువి ఆ రోజే రాయించు. మీటింగ్ గంట దాటేలా ఉంటే సంజ్ఞా భాషకి ఇద్దరు ఇంటర్‌ప్రెటర్లను పిలువు, ఒక్కరే చేస్తే చేతులతో పాటు బుర్ర కూడా అలిసిపోతుంది. ర్యాంపు కట్టామని ఎవరైనా ఫోటో పంపితే టేపు పట్టుకుని వెళ్లు. అడుగు ఎత్తుకి పన్నెండు అడుగుల పొడవు లేకపోతే అది జారుడుబల్లే.

ఇక నా భయం. నీకు నోరు ఎక్కువ. నా పోలికే.

ఒకసారి పరీక్షల అధికారిని కలవడానికి వెళ్లాం. మాతో సెరిబ్రల్ పాల్సీ ఉన్న కుర్రాడు ఒకడు వచ్చాడు. ఒక్కో మాట పైకి రావడానికి మెడ నరాలు బిగిసేవి, కుడిచెయ్యి బల్ల అంచుని గట్టిగా పట్టుకునేది. అధికారి వాచీ చూసుకుంటుంటే నాకు టెన్షన్. "పరీక్షకి మాకు వేరే గది..." అని ఆగాడు. నేను టక్కున అందుకుని "కావాలండీ" అన్నాను. అధికారి "తప్పకుండా" అని రాసేసుకున్నాడు.

గెలిచామని ఉబ్బిపోతూ బయటికొచ్చాను. లిఫ్ట్ దగ్గర అతను నా కొంగు లాగాడు. "వద్దు... అనబోయాను." ఆ రెండు మాటలకీ నిమిషం పట్టింది. తోటివాళ్ల మధ్యే కూర్చుని, కాస్త ఎక్కువ టైముతో రాయాలని అతని కోరిక. మన భాషలో అవునో కాదో చివర్లోనే కదా తేలేది! ఆ చివరే నేను లాగేసుకున్నాను. మర్నాడు వెళ్లి మార్చమంటే "మీరే కదమ్మా అడిగారు" అన్నారు. రెండేళ్లు ఖాళీ బెంచీల మధ్య ఒక్కడే రాశాడు.

వికలాంగులకి సంబంధించిన నిర్ణయాల్లో వాళ్లనే సంప్రదించాలని 2006 నాటి ఐక్యరాజ్యసమితి ఒప్పందంలో 4వ అధికరణం చెబుతుంది. అది ఊరూరా చదివి వినిపించినదాన్ని నేనే, సిగ్గుచేటు.

అందుకే మీటింగ్‌కి అరగంట ఇస్తామంటే గంట అడుగు. ఎవరైనా మాట మధ్యలో ఆగితే నోరు మూసుకుని కూర్చో. బోర్డులో సగానికి పైగా వాళ్లే ఉండాలి. రేపు నీ కుర్చీలో కూర్చోవలసిన మనిషిని ఇవాళే పక్కన పెట్టుకో, నాలా పంతొమ్మిదేళ్లు అతుక్కుపోకు.

రాత్రి పదకొండింటికి మెయిళ్లు చూస్తున్నావట. మానెయ్ తల్లీ, నీ కళ్లసలే మంచివి కావు.

ఆ కుర్రాడు ఇప్పుడు వకీలు. నీ గురించి చెప్పాను, రేపో మాపో ఫోన్ చేస్తాడు. అప్పుడప్పుడు కావాలనే మధ్యలో ఆగుతాడు, అవతలివాళ్లు అందుకుంటారేమో చూద్దామని.

మీ అత్త