గుడికి వెళ్ళే తీరిక లేని రోజుల్లో దేవుడు దగ్గరే ఉన్నాడని ఎలా తెలుస్తుంది?

మాది కోనసీమ. మా నాన్నగారు పెద్దగా పూజలు చేసే మనిషి కాదు. కానీ జూన్‌లో కాలువలు వదిలాక, ఎండుటాకుల్నీ నురగనీ తోసుకుంటూ మొదటి నీళ్ళు మా బోదెలోకి వచ్చినప్పుడు, చెప్పులు విడిచి గట్టు మీద కూర్చునేవారు. దోసిలితో తీసుకుని కళ్ళకద్దుకునేవారు. బురద నీళ్ళే. మీ ప్రశ్నకి నాకు తెలిసిన జవాబు అదే: ఉన్నచోటే ఒక్క క్షణం ఆగడం.

ఆ నీళ్ళు మళ్ళించడానికి ధవళేశ్వరం దగ్గర మొదటి ఆనకట్టని ఆర్థర్ కాటన్ కట్టించాడు, 1852లో పూర్తయింది. ఇక్కడి రైతులు గోదారమ్మకీ మొక్కుతారు, కాటన్ దొరకీ దణ్ణం పెడతారు. దేవుడు మనిషి చేతుల మీదుగా ఇస్తాడన్న నమ్మకం అందులో ఉంది. నాకూ ఉంది.

గీత ఏడో అధ్యాయంలో కృష్ణుడు నీళ్ళలోని రుచి తానేనంటాడు. దాహమేసినప్పుడు మొదటి గుక్క దగ్గర ఆ మాట తలుచుకుని చూడండి. మొదట్లో మర్చిపోతారు, ఫర్లేదు. గడప కడగడమో, అన్నం వార్చడమో, రోజూ చేసే ఒక పనికి ఆ తలపుని ముడివేయండి.

నేనైతే నర్సాపురంలో గోదారి దాటించే సఖినేటిపల్లి పంటు ఎక్కగానే ఫోన్ జేబులో పెట్టేస్తాను. నిరుడు అమ్మకి ఒంట్లో బాలేదని టెన్షన్‌తో పంటు మీద నిలబడి ఉంటే, పక్కనున్న ముసలావిడ ఏమీ అడక్కుండా సంచీలోంచి జామకాయ తీసి నా చేతిలో పెట్టింది. సగం తిని, సగం అమ్మకి తీసుకెళ్ళాను.