చెరువు కోసం అర్జీ పెట్టే అమ్మాయికి ఉద్యోగం దొరుకుతుందా?

ప్రశ్న: మాది చిత్తూరు. మా అమ్మాయి తిరుపతిలో బీఎస్సీ చివరి సంవత్సరం చదువుతోంది. గుడి, చర్చి, మసీదులకు వెళ్లే పిల్లలంతా కలిసి పెట్టుకున్న ఒక బృందంలో ఏడాదిగా తిరుగుతోంది. చెరువుల ఆక్రమణల మీద కలెక్టరేట్‌లో అర్జీలు పెడతారు, వాతావరణ న్యాయం అంటారు. చదువయ్యాక ఇదే పని చేస్తానంటోంది. ఇది ఉద్యోగం అవుతుందా? నేను ఈఎస్‌జీ (కంపెనీల పర్యావరణ, సామాజిక, పాలన బాధ్యతలు) డిప్లొమా చేయిద్దామనుకుంటున్నాను. ఆ డిప్లొమా, ఎమ్మెస్సీ పర్యావరణ శాస్త్రం, ఎంఎస్‌డబ్ల్యూ (సోషల్ వర్క్ పీజీ)... ఏది మేలు?

జవాబు: అయ్యా, పైన కుదించి వేసిన మీ ఉత్తరాన్ని నేను మొత్తం చదివాను. ‘బంధువులు ఏమనుకుంటారో’ అనే మాట అందులో మూడు చోట్ల ఉంది. అమ్మాయికి ఏ సబ్జెక్టు ఇష్టమో ఒక్కచోట కూడా లేదు. ఇలాంటి ఉత్తరాలు నాకు తరచూ వస్తాయి. కోర్సు పేరు మారుతుంది కానీ భయం ఒక్కటే: సేవ, ఉద్యమం అంటూ వెళ్లిన పిల్ల సంపాదన లేకుండా, సంబంధాలు రాకుండా మిగిలిపోతుందేమోనని. ఆ భయం సహజమే. కానీ ‘వేరే మతాల పిల్లలతో తిరుగుతోంది’ అని మీరు రాసిన వాక్యం సహజం కాదు, న్యాయమూ కాదు. చెరువు కింద ఆయకట్టులో అందరి పొలాలూ ఉంటాయి. అది ఎండితే అందరికీ ఎండుతుంది. మీ అమ్మాయికి అర్థమైన ఈ సంగతి మీకూ తెలిసిందే.

ఇది పనిలేని పిల్లల సరదా కాదు. పారిస్ వాతావరణ ఒప్పందం కుదిరిన 2015లోనే, దానికి కొన్ని నెలల ముందు పోప్ ఫ్రాన్సిస్ పర్యావరణం మీద ‘లౌదాతో సీ’ అనే లేఖ వెలువరించారు. అదే ఏడాది ఇస్తాంబుల్‌లో ముస్లిం పండితులు, ఆ తర్వాత హిందూ సంస్థలు వాతావరణ ప్రకటనలు చేశారు. ఐక్యరాజ్యసమితి పర్యావరణ విభాగం మత సంస్థలతో కలిసి పనిచేయడానికి 2017లో ఒక కార్యక్రమమే మొదలుపెట్టింది. 2023 దుబాయ్ వాతావరణ సదస్సులో మతాలన్నిటికీ కలిపి తొలిసారి ఒక పెవిలియన్ ఇచ్చారు. వీళ్లందరూ అడుగుతున్నది ఒకటే: వాతావరణాన్ని పాడుచేయడంలో పాత్ర లేనివాళ్లు నష్టం ఎందుకు మోయాలి? వెయ్యి అడుగులు బోరు వేసినా నీళ్లు పడని మన పడమటి మండలాల రైతు అడిగేదీ అదే. 2021 నవంబరు వానలకు తిరుపతి దగ్గరి రాయలచెరువు కట్ట ఎక్కడ తెగుతుందోనని ఇల్లు వదిలి వెళ్లినవాళ్లు అడిగేదీ అదే.

అయితే ప్రకటన వేరు, ఉద్యోగం వేరు. తిరుమలలో 2002లోనే సౌర ఆవిరితో వంట మొదలైంది. తర్వాత కొండ మీద ప్లాస్టిక్ నీళ్ల సీసాలు ఆపేశారు. నిర్ణయం దేవస్థానానిదే. కానీ దాన్ని నడిపించాలంటే ఇంజనీర్లు కావాలి, టెండరు రాసేవాళ్లు కావాలి, చెత్త లెక్కలు తెలిసినవాళ్లు కావాలి. ఇంగ్లండ్ చర్చి 2023లో పెద్ద చమురు కంపెనీల్లోంచి తన పెట్టుబడులు తీసేస్తామని ప్రకటించింది. ఏ కంపెనీ పారిస్ లక్ష్యాలకు తగ్గట్టు నడుస్తోందో, ఏది లేదో తేల్చడానికి ప్రార్థన ఒక్కటే చాలదు, బ్యాలెన్స్ షీట్ చదవడం రావాలి. మీ అమ్మాయికి కావలసింది ఇలాంటి గట్టి నైపుణ్యం ఒకటి. మనసు ఇప్పటికే ఉంది.

ఇక మీ డిప్లొమా సంగతి. దీని గురించి కాస్త ఎక్కువే చెప్పాలి, ఎందుకంటే ఈ మధ్య ప్రతి తల్లిదండ్రుల నోటా ఇదే మాట. స్టాక్ మార్కెట్లను నియంత్రించే సెబీ 2022-23 నుంచి దేశంలోని మొదటి 1000 లిస్టెడ్ కంపెనీలకు, తమ పర్యావరణ, సామాజిక బాధ్యతల గురించి చెప్పే బీఆర్‌ఎస్‌ఆర్ అనే నివేదికను తప్పనిసరి చేసింది. దాంతో ఈఎస్‌జీ పేరుతో ఆరు నెలల కోర్సులు పుట్టగొడుగుల్లా వచ్చాయి. ఉద్యోగాలు లేవని నేను అనను. కానీ ఆ పని సీఏలకు, ఇంజనీర్లకు, ఇప్పటికే కంపెనీల్లో ఉన్నవాళ్లకు తేలిగ్గా దొరుకుతుంది. ఉత్త బీఎస్సీ మీద సర్టిఫికెట్ అతికిస్తే ఇంటర్వ్యూ దాకా వెళ్లడమే కష్టం. ఫీజు అడిగే సంస్థను నిరుటి బ్యాచ్‌లో ఎందరికి, ఏ కంపెనీలో, ఎంత జీతానికి ఉద్యోగం వచ్చిందో కాగితం మీద ఇమ్మనండి. ఇవ్వకపోతే లేచి వచ్చేయండి. అన్నిటికన్నా నాకున్న పెద్ద సందేహం వేరే ఉంది. ఆ నివేదికల్లో ఎక్కువ భాగం కంపెనీ తన గురించి తాను చెప్పుకునేది. మీ అమ్మాయి అడిగేది చెరువు కింద కూలీకి వచ్చిన నష్టం గురించి. ఇష్టం లేని పనిని మంచి పేరున్న పని అని అంటగడితే రెండేళ్లకే వదిలేస్తుంది. అప్పుడు తప్పు ఆమెదే అంటారు మీరు.

అమ్మాయి వైపు కూడా ఒక హెచ్చరిక ఉంది. స్వచ్ఛంద సంస్థల్లో చాలా ఉద్యోగాలు ప్రాజెక్టు ఉన్నంతవరకే. 2020లో విదేశీ విరాళాల చట్టం మార్చాక, ఆ డబ్బులో పరిపాలన ఖర్చుకు పరిమితి 50 నుంచి 20 శాతానికి తగ్గింది, వచ్చిన డబ్బును మరో సంస్థకు ఇవ్వడమూ కుదరదు. చిన్న సంస్థలకు అది పెద్ద దెబ్బ. పైగా మతం తోడైన చోట ‘సేవ కదమ్మా’ అంటూ జీతం మాట ఎత్తనివ్వరు. ఉత్సాహంగా వచ్చిన పిల్లలు అలా అలిసిపోవడం చాలాసార్లు చూశాను. అపాయింట్‌మెంట్ లెటర్, పీఎఫ్ అడగడం పాపం కాదని ఆమెకు ఇప్పుడే చెప్పండి.

మీరడిగిన పోలికకు వస్తాను. లెక్కలు, ప్రయోగశాల ఇష్టమైతే ఎమ్మెస్సీ. జనంతో మాట్లాడటం ఇష్టమైతే ఎంఎస్‌డబ్ల్యూ, లేదా ముంబయిలోని టిస్, బెంగళూరులోని అజీం ప్రేమ్‌జీ విశ్వవిద్యాలయం లాంటి చోట పీజీ. మీరు అడగని నాలుగో దారి ఒకటి ఉంది: మూడేళ్ల లా. వాతావరణ మార్పు దుష్ప్రభావాల నుంచి రక్షణ పొందడం రాజ్యాంగంలోని 14, 21 అధికరణాల కింద హక్కేనని సుప్రీంకోర్టు 2024లో చెప్పింది. అర్జీలు రాసే పిల్లకు ఆ దారిలో చాలా పని ఉంది. ఆమె రాసిన అర్జీ ఒకటి తెప్పించుకుని చదవండి. సర్వే నంబరు, పాత రికార్డు, ఏ అధికారి ఏం చేయాలో స్పష్టంగా రాసి ఉంటే లా వైపు చూడండి. ఊళ్లోవాళ్ల మాటలు, వాళ్ల కష్టం బాగా రాసి ఉంటే ఎంఎస్‌డబ్ల్యూ వైపు.

సంబంధాల గురించి అంత టెన్షన్ పడకండి. పీజీ చేసి, ప్రకృతి సేద్యం మీద పనిచేసే ప్రభుత్వ రైతు సాధికార సంస్థలోనో, కారితాస్ ఇండియా, కాసా లాంటి చర్చి సేవా సంస్థల్లోనో, ఏ జిల్లా ప్రాజెక్టులోనో చేరిన అమ్మాయిని ఎవరూ పనిలేనిది అనరు. మొదట్లో జీతం సాఫ్ట్‌వేర్‌తో పోటీపడదు. ఇల్లు గడవడానికి ఆమె జీతమే ఆధారమా? కాకపోతే మూడేళ్లు ఓపిక పట్టండి. ఆధారమే అయితే ఆ మాట దాచకుండా ఆమెతోనే చెప్పండి. అప్పుడు తిరుపతిలోనే చదువుకుంటూ పార్ట్‌టైమ్ పని చూసుకునే వీలున్న కోర్సు వెతుకుదాం.

డిప్లొమాకు అడ్వాన్సు కట్టకపోయి ఉంటే ఇప్పుడే కట్టకండి. చివరి సెమిస్టర్‌లో బ్యాక్‌లాగ్ లేకుండా చూసుకోమనండి. పరీక్షలయ్యాక కోర్సు మొదలయ్యేలోపు, స్టైపెండ్ రాసిచ్చే సంస్థలో రెండు నెలలు పని చేయనివ్వండి.