నాటు ఆవుకు క్షయ సోకదా?

ప్రశ్న: మా కొట్టంలో మూడు హెచ్‌ఎఫ్ (హోల్‌స్టీన్ ఫ్రీజియన్) సంకరజాతి ఆవులు, ఒక ఒంగోలు ఆవు ఉన్నాయి. ఇటీవల క్షయ పరీక్ష చేయిస్తే ఒక సంకరజాతి ఆవుకు మెడ మీద సూది వేసినచోట వాపు వచ్చింది. ఏళ్లుగా దాని పక్కనే కట్టేస్తున్న ఒంగోలు ఆవుకు ఏమీ రాలేదు. నాటు పశువుకు క్షయ సోకదని ఊళ్లో అంటున్నారు, నిజమేనా? క్షయను తట్టుకునే జన్యువు ఉన్న ఎద్దు వీర్యం వేయిస్తే పుట్టే దూడలకు ఈ బెడద తప్పుతుందా? వాపు వచ్చిన ఆవు నెల కిందటే ఈనింది. ఆ పెయ్యదూడను ఉంచుకోవచ్చా?
– ఒక పాడి రైతు, ప్రకాశం జిల్లా

జవాబు: నాటు పశువుకు క్షయ సోకదనడం సరికాదు. సోకే అవకాశం కొంత తక్కువ అనడానికి మాత్రం ఆధారాలున్నాయి. ఇథియోపియాలో జరిగి 2007లో వెలువడిన ఒక అధ్యయనంలో హోల్‌స్టీన్ ఆవుల్లో దాదాపు 22 శాతం, మూపురం ఉండే జెబు ఆవుల్లో దాదాపు 12 శాతం క్షయ పరీక్షకు స్పందించాయి. మన ఒంగోలు జాతి కూడా జెబు వర్గానిదే. అయితే విదేశీ జాతి ఆవులను ఎక్కువగా కొట్టాల్లో కిక్కిరిసి కట్టేయడం, నాటు ఆవులు బయట మేయడం వల్ల వచ్చే తేడాను జాతి లక్షణం నుంచి విడదీసి చూడడం అంత తేలిక కాదు.

మీ ఒంగోలు ఆవు సంగతికి వస్తే, ఒక్క పరీక్షను బట్టి దానికి నిరోధకశక్తి ఉందని అనుకోకండి. ఈ పరీక్షలో మెడ మీద వెంట్రుకలు కత్తిరించి, చర్మం మందం కొలిచి, ట్యూబర్‌క్యులిన్ (క్షయ సూక్ష్మజీవి నుంచి తీసిన ప్రొటీన్ ద్రావణం) ఎక్కించి, 72 గంటల తర్వాత అదేచోట మళ్లీ కొలుస్తారు. సూక్ష్మజీవి అసలు చేరని పశువుకూ వాపు రాదు, వ్యాధి బాగా ముదిరి శరీరం స్పందించే శక్తి కోల్పోయిన పశువుకూ రాదు. కాబట్టి రెండు నెలలు గడిచాక అన్నిటికీ మరోసారి పరీక్ష చేయించండి.

నిరోధకశక్తి తల్లిదండ్రుల నుంచి సంక్రమిస్తుందనడంలో సందేహం లేదు. దీన్ని చాలా స్పష్టంగా చూపినది న్యూజిలాండ్ శాస్త్రజ్ఞులు ఎర్ర దుప్పులపై చేసిన ప్రయోగం. వారు 39 మగ దుప్పుల వీర్యాన్ని ముందుగానే సేకరించి భద్రపరిచి, ఆ తర్వాతే వాటి టాన్సిళ్లలోకి పశుక్షయ సూక్ష్మజీవిని ఎక్కించారు. ఏది తట్టుకుందో, ఏది తీవ్రంగా జబ్బుపడిందో తేలాక వాటిలో ఆరింటిని తండ్రులుగా ఎంచుకుని, దాచిన వీర్యంతో 70 పిల్లలను పుట్టించి, వాటికీ అదే విధంగా వ్యాధి సోకించారు. పిల్లల మధ్య కనిపించిన తేడాలో దాదాపు సగం, అంటే 48 శాతం, వంశం నుంచి వచ్చినదేనని లెక్క తేలింది. అన్నిటికీ ఒకే విధంగా వ్యాధి సోకించడం వల్లనే వంశప్రభావం అంత స్పష్టంగా బయటపడింది. రైతుల మందల్లోని పాడి ఆవుల రికార్డులను బట్టి వేసిన అంచనాల్లో ఈ ప్రభావం ఐదో వంతుకు మించడం అరుదు.

మీరు అడిగిన ‘క్షయను తట్టుకునే జన్యువు’ అనే ఆలోచనకు మూలం ఎలుకలు. 1993లో కెనడాలోని మెక్‌గిల్ విశ్వవిద్యాలయ శాస్త్రజ్ఞులు ఎన్‌ర్యాంప్-1 అనే జన్యువును గుర్తించారు. సూక్ష్మజీవిని మింగిన రక్షకకణం, ఆ సూక్ష్మజీవి ఉన్న సంచిలోంచి ఇనుము, మాంగనీసులను బయటికి తోడేసి దాన్ని పస్తు పెట్టేందుకు ఈ జన్యువు తోడ్పడుతుంది. అందులో ఒక్క అమైనో ఆమ్లం మారితే చాలు, క్షయ టీకాగా వాడే బీసీజీ వంటి బలహీనమైన సూక్ష్మజీవిని సైతం ఎలుక అదుపు చేయలేదు. కానీ మనుషులకు క్షయ తెచ్చే అసలు సూక్ష్మజీవి విషయంలో ఆ జన్యువు ఉన్నా లేకున్నా ఎలుకల్లో చెప్పుకోదగ్గ తేడా రాలేదని తర్వాతి ప్రయోగాలు చూపాయి. పశువుల్లో ఈ నిరోధకశక్తి అనేక జన్యువుల చిన్న చిన్న ప్రభావాల మొత్తం. అందుచేత ఒకే జన్యువును పరీక్షించి ‘క్షయరాని ఎద్దు’ అని ఎవరైనా అమ్మజూపితే నమ్మవద్దని గట్టిగా చెబుతున్నాను.

ఎద్దుల ఎంపిక అసలు సాధ్యం కాదని కాదు. బ్రిటన్‌లో 6,50,000కు పైగా హోల్‌స్టీన్ ఆవుల వివరాల ఆధారంగా 2016 నుంచి ఎద్దులకు ‘టీబీ అడ్వాంటేజ్’ అనే సూచిక ఇస్తున్నారు. అది సాధారణంగా మైనస్ 4 నుంచి ప్లస్ 4 వరకు ఉంటుంది. మందలో క్షయ ప్రబలినప్పుడు, సూచికలో ఒక్కో అంకె పెరిగేకొద్దీ ఆ ఎద్దు కూతుళ్లలో వ్యాధి సోకేవి ఒక శాతం చొప్పున తగ్గుతాయని అంచనా. తరాల తరబడి పోగుపడితే ఇది విలువైన లాభమే గాని, ఒక దూడకు రక్షణ హామీ కాదు. మన సంకరజాతి పశువులకు ఇటువంటి సూచిక రావాలంటే ఏ ఆవుకు ఏ ఎద్దు వీర్యం వేశారో, పరీక్షలో ఏమి తేలిందో ముందు నమోదు కావాలి. చెవి ట్యాగు సంఖ్యతో పాటు ఈ రెండూ మీ పుస్తకంలో రాసి ఉంచండి.

ఇక పెయ్యదూడ. దాన్ని ఉంచుకోవచ్చు. తల్లి గర్భంలోనే క్షయ సోకడం అరుదు. అసలు ప్రమాదం తల్లి పాలతో, దాని ఊపిరితో. దూడను ఇప్పటికే తల్లికి దూరం చేయకపోతే ఈ రోజే చేసి, కాచి చల్లార్చిన పాలు తాగించండి. వాపు వచ్చిన ఆవును కూడా విడిగా కట్టి, దాని మేతతొట్టి, నీళ్లతొట్టి మిగతావాటికి పెట్టకండి. దూడకు ఎప్పుడు పరీక్ష చేయాలో మీ పశువైద్యులు చెబుతారు. అది తేలేదాకా దాన్ని అమ్మవద్దు.