1924 షామోనీ పతకాలు: నార్వేకి 18 కాదు, 17

1924లో ఫ్రాన్స్‌లోని షామోనీలో జరిగిన తొలి శీతాకాల ఒలింపిక్స్‌లో నార్వేకి ఎన్ని పతకాలొచ్చాయని అడిగారు. మీ రెండు క్విజ్ పుస్తకాల్లో ఒకచోట 18, ఇంకోచోట 17 ఉండటం అచ్చుతప్పు కాదండీ. ఒక కాంస్యం యాభై ఏళ్ల తర్వాత చేతులు మారింది.

ముందు పుస్తకంలోని పతకాల పట్టిక ఏ సంవత్సరంలో తయారైందో చూడండి. అందరూ వదిలేసేది ఇదే. అది చూడకుండా అంకెలు మళ్లీ మళ్లీ కూడుతూ కూర్చుంటారు.

1. 1974కి ముందుదైతే స్కీ జంపింగ్ (స్కీలపై మంచు వాలు జారి దూకే పోటీ) కాంస్యం నార్వే ఆటగాడు థోర్లీఫ్ హౌగ్ పేరున ఉంటుంది. మార్కుల లెక్కలో పొరపాటు జరిగిందని అన్నేళ్లూ ఎవరూ పట్టుకోలేదు. నిజానికి మూడో స్థానం అమెరికా తరఫున దూకిన ఆండర్స్ హౌగెన్‌ది. (పేర్లు దాదాపు ఒకటే, జాగ్రత్త.) హౌగ్ 1934లోనే చనిపోయాడు. 1974లో ఆయన కూతురే ఓస్లోలో పతకాన్ని హౌగెన్ చేతికిచ్చింది.

2. సరిచేసిన లెక్క: నార్వే 4 స్వర్ణాలు, 7 రజతాలు, 6 కాంస్యాలు. అమెరికా 1, 2, 1.

3. బ్రిటన్ దగ్గర కూడా తేడా వస్తే అది కర్లింగ్ (మంచు మీద రాళ్లను జార్చే ఆట) వల్ల. అది అధికారిక పోటీయేనని అంతర్జాతీయ ఒలింపిక్ కమిటీ 2006లో తేల్చింది. కాబట్టి అందులో బ్రిటన్ గెలిచిన స్వర్ణం కలపాలి.

4. పాత పుస్తకంలో ‘అంతర్జాతీయ శీతాకాల క్రీడల వారం’ అని ఉంటే టెన్షన్ వద్దు, అదే పోటీ. తొలి శీతాకాల ఒలింపిక్స్‌గా గుర్తించింది తర్వాతే, 1926లో.

మీ ప్రశ్నకు జవాబుగా 17 రాసుకోండి.