పాత టూల్ వైపు వేశారని ఇంటర్న్‌షిప్ మానేయాలా?

ప్రశ్న: మాది నరసరావుపేట. బీటెక్ ఈసీఈ చివరి సంవత్సరం. హైదరాబాద్‌లో ఒక కంపెనీలో ఇంటర్న్‌షిప్ వచ్చింది, సర్వర్లు చూసే టీమ్‌లో వేశారు. అక్కడ పప్పెట్ అనే టూల్ నుంచి ఆన్సిబుల్ అనే టూల్‌కు మారుతున్నారు. రెండూ సర్వర్ల సెట్టింగులను ఆటోమేటిక్‌గా పెట్టేవే. పూర్తిగా మారేదాకా రెండూ నడుస్తాయట. నన్ను పప్పెట్ వైపు చూసుకోమన్నారు. ‘పోయే టూల్ నేర్చుకుని ఏం లాభం? అమీర్‌పేటలో డెవాప్స్ (సాఫ్ట్‌వేర్ తయారీ, సర్వర్ల నిర్వహణ కలిపి చూసే పని) కోర్సులో చేరిపో’ అంటున్నారు ఫ్రెండ్స్. ఫీజు కడతానని నాన్నగారు కూడా అంటున్నారు. ఏం చేయమంటారు సార్?

జవాబు: మానేయకండి. ఆ ఫీజు డబ్బులు ప్రస్తుతానికి నాన్నగారి దగ్గరే ఉండనివ్వండి.

అమీర్‌పేట కోర్సులంటే నాకు చిన్నచూపేమీ లేదు. వాటి పుణ్యమా అని ఉద్యోగాలు తెచ్చుకున్నవాళ్లు మన ఊళ్లలో వీధికొకరు కనిపిస్తారు. కాకపోతే అక్కడ ఆన్సిబుల్ నేర్పేది ఖాళీ సర్వర్ల మీద. కంపెనీలో ఉండేవి ఏళ్ల తరబడి ఎవరెవరో రాసిపెట్టిన సెట్టింగులతో నడుస్తున్న సర్వర్లు. వాటి మీద కస్టమర్ల పని ఒక్క పూట కూడా ఆగకూడదు. పాతదీ కొత్తదీ పక్కపక్కనే నడిచే ఈ కొన్ని నెలల్లో మీకు తెలిసొచ్చేది డబ్బు కట్టి నేర్చుకోగలిగింది కాదు.

ఎందుకో చెప్తాను. పప్పెట్ 2005 నాటిది. ప్రతి సర్వర్‌లోనూ దాని ఏజెంట్ (లోపల నడుస్తూ ఉండే చిన్న ప్రోగ్రామ్) ఒకటి ఉంటుంది. అది మామూలుగా 30 నిమిషాలకోసారి ప్రధాన సర్వర్ దగ్గర్నుంచి సెట్టింగులు తెచ్చుకుని, ఎక్కడ తేడా ఉంటే అక్కడ సరిచేసేస్తుంది. 2012లో వచ్చిన ఆన్సిబుల్‌కు ఏజెంట్ అక్కర్లేదు. ఎస్ఎస్‌హెచ్‌తో (దూరం నుంచే సర్వర్‌లోకి భద్రంగా లాగిన్ అయ్యే పద్ధతి) లోపలికెళ్లి, చెప్పిన పని చేసి వచ్చేస్తుంది. మళ్లీ ఎవరైనా నడిపిస్తేనే కదులుతుంది.

ఒకే ఫైల్‌ను ఈ రెండూ పట్టుకుంటే, ఒకే కూరలో అత్తాకోడళ్లిద్దరూ ఉప్పు వేసినట్టే. కొత్త టీమ్ ఉదయం ఒక సెట్టింగ్ మార్చి, పరీక్షించి, టికెట్ (ఆ పనికి నమోదైన రికార్డు) మూసేస్తుంది. అరగంటలో పప్పెట్ వచ్చి పాత విలువ పెట్టేసి పోతుంది. మర్నాడు ‘ఆన్సిబుల్ పనిచేయట్లేదు’ అని గొడవ. ఎవరు మార్చారో పప్పెట్ లాగ్ (చేసిన పనుల చిట్టా) చదవడం వచ్చినవాళ్లే చెప్పగలరు. ఆ టీమ్‌లో అది మీరే కావచ్చు.

ఇంతకంటే తిరకాసైనది ఇంకోటుంది. మ్యానిఫెస్ట్‌లోంచి (సర్వర్ ఎలా ఉండాలో పప్పెట్‌కు రాసిచ్చే ఫైల్) ఒక ఫైల్ గురించిన నాలుగు లైన్లు తీసేస్తే సర్వర్‌లోంచి ఆ ఫైల్ పోదు. పప్పెట్ దాన్ని పట్టించుకోవడం మానేస్తుంది, అంతే. పోవాలంటే ‘ఉండకూడదు’ అని విడిగా రాయాలి. అలాగే, ఇన్నాళ్లూ ఎవరైనా చేత్తో ఏదైనా మార్చినా పప్పెట్ గుట్టుచప్పుడు కాకుండా సరిచేస్తూ వచ్చింది. దాన్ని ఆపేశాక ఆ మార్పులన్నీ అలాగే నిలిచిపోతాయి, ప్లేబుక్‌ను (ఆన్సిబుల్‌కు చేయాల్సిన పనులు రాసిచ్చే ఫైల్) క్రాన్‌లోనో (లైనక్స్‌లో పనులను వేళకు నడిపేది), ఏడబ్ల్యూఎక్స్‌లోనో (ఆన్సిబుల్‌ను వెబ్‌పేజీ నుంచి నడిపే టూల్) షెడ్యూల్ చేస్తే తప్ప. మైగ్రేషన్ అయిపోయిందని అందరూ స్వీట్లు తిన్నాక బయటపడే సమస్యల్లో ఇదొకటి.

ఇంట్లో చేసి చూడండి. 8 జీబీ ర్యామ్ ల్యాప్‌టాప్ చాలు. ఒకే కంప్యూటర్‌లో ఉత్తుత్తి కంప్యూటర్లు నడిపే వర్చువల్‌బాక్స్‌లో రెండు చిన్న లైనక్స్ మెషీన్లు పెట్టండి. ఆన్సిబుల్‌ను నేరుగా విండోస్ మీద నుంచి నడపలేం కాబట్టి ఒకటి దానికి. రెండో దాంట్లో పప్పెట్ అప్లై కమాండ్‌ను క్రాన్‌లో పెట్టి, లాగిన్ అవగానే కనిపించే ఎంఓటీడీ ఫైల్‌లో ఒక వాక్యం రాయించండి. అదే ఫైల్‌లో ఆన్సిబుల్‌తో ఇంకో వాక్యం రాయించండి. కాసేపాగి మళ్లీ లాగిన్ అయితే ఆన్సిబుల్ రాసిన వాక్యం ఉండదు. ఇప్పుడు పప్పెట్‌ను నోఆప్ అనే ఆప్షన్‌తో, ఆన్సిబుల్‌ను చెక్, డిఫ్ అనే ఆప్షన్లతో నడపండి. ఏమీ మార్చకుండా, మార్చాల్సింది ఏదైనా ఉంటే అదేమిటో రెండూ చూపిస్తాయి. ఈ రెండు జాబితాలూ పక్కపక్కన పెట్టి చదవడమే రేపు మీరు ఆఫీసులో చేయబోయే పని.

ఆఫీసులో మొదట చేయాల్సింది మాత్రం ఒక షీట్. ఏ ఫైల్, ఏ సర్వీస్, ఇవాళ పప్పెట్ చేతిలో ఉందా, ఆన్సిబుల్ చేతిలో ఉందా అని. ఏ వరుసలోనూ రెండు పేర్లూ ఉండకూడదు. ఏజెంట్‌ను డిజేబుల్ చేసిన ప్రతిచోటా కారణం, తేదీ కమాండ్‌లోనే రాయండి. తర్వాత ఎవరైనా నడపబోతే ఆ మాటే తెర మీద కనిపిస్తుంది. ఇంటర్న్ అడక్కుండానే ఈ షీట్ తెచ్చిపెడితే టీమ్ లీడ్ గుర్తుపెట్టుకుంటారు.

ఇక మీ భయంలో న్యాయమున్న చోటు ఒకటుంది. చివరిదాకా పప్పెట్ టికెట్లు మూయడమే మీ పని అయితే నష్టమే. అందుకని ఒక నెల గడవగానే లీడ్‌ను అడగండి: ‘సార్, టైమ్ సింక్ చేసే క్రోనీ సెట్టింగును నేనే ఆన్సిబుల్‌లోకి మారుస్తాను, మీరు రివ్యూ చేయండి’ అని. చిన్నది, టెస్ట్ సర్వర్ల మీద మొదలుపెట్టొచ్చు, తేడా వస్తే వెనక్కి తిప్పడం తేలిక. ఆ ఒక్కటి మొదటినుంచి చివరిదాకా మీ చేతుల మీదుగా జరిగితే ఇంటర్వ్యూలో పావుగంట మాట్లాడటానికి సరుకు దొరికినట్టే.

సర్టిఫికెట్ కావాలనుకుంటే లైనక్స్ కంపెనీ రెడ్ హ్యాట్ ఇచ్చే ఆర్‌హెచ్‌సీఈ (ఇంజినీర్ సర్టిఫికెట్) చూడండి. ఆర్‌హెచ్ఈఎల్ (ఆ కంపెనీ లైనక్స్) 8వ వెర్షన్ నుంచి ఆ పరీక్ష ఆన్సిబుల్ మీదే, మెషీన్ మీద చేసి చూపించాలి. దానికి ముందు ఆర్‌హెచ్‌సీఎస్ఏ (వాళ్లదే సిస్టమ్ అడ్మినిస్ట్రేటర్ సర్టిఫికెట్) కావాలి. క్రోనీ అడిగినా ఇవ్వకుండా, రెండోసారి అడిగినా దాటవేస్తే అప్పుడు నాన్నగారితో ఫీజు మాట ఎత్తండి. అదీ ఇంటర్న్‌షిప్ మానకుండా, వీకెండ్ బ్యాచ్‌కు.