కమెండ్ అంటే మెచ్చుకోవడమే, కానీ ఎవరు ఎవరిని?

మీ అప్రైజల్‌లో మేనేజర్ "ఐ కమెండ్ హర్ ఫర్ హ్యాండ్లింగ్ ద ఆడిట్ అలోన్" అని రాశారు, అది మెచ్చుకోలా లేక ప్రమోషన్‌కి సిఫారసా అని అడిగారు. మెచ్చుకోలే. సిఫారసైతే రికమెండ్ అని ఉండేది, వెనకాలే "ఫర్ ప్రమోషన్" అని కూడా ఉండేది. అనుమానం వస్తే ఫర్ తర్వాత ఏముందో చూడండి. అక్కడ చేసేసిన పనో, చూపించిన గుణమో ఉంటే కమెండ్. ఇంకా రావాల్సిన పోస్టో, అవార్డో ఉంటే రికమెండ్.

జవాబులో "ఐ కమెండ్ యూ ఫర్ యువర్ సపోర్ట్, సర్" అని రాయొచ్చా అన్నారు. గ్రామర్‌లో తప్పు లేదు, అయినా రాయకండి. మన శభాష్‌కి ఉన్న వాలే ఈ మాటకీ ఉంది, పైనుంచి కిందికే పారుతుంది. ఎస్పీ కానిస్టేబుల్‌ని, ప్రిన్సిపాల్ విద్యార్థిని, జ్యూరీ పోటీదారుని కమెండ్ చేస్తారు. మొన్న చేరిన ట్రైనీ వెళ్లి హెడ్మాస్టర్ భుజం తడితే ఎలా ఉంటుందో, మీ వాక్యం ఆయనకి అలా వినిపిస్తుంది. "ఐ రియల్లీ అప్రీషియేట్ యువర్ సపోర్ట్" అంటే సరిపోతుంది. అప్రీషియేట్‌తోనూ ఒక చిక్కుంది. "మా సార్ నన్ను అప్రీషియేట్ చేశారు" అని మనం పొగడ్త అర్థంలో వాడేస్తాం. బ్రిటన్‌లోనో అమెరికాలోనో ఉన్నవాళ్లకి అది విలువ గుర్తించడం, కృతజ్ఞత చూపడం అనే వినిపిస్తుంది. పొగిడారని చెప్పాలంటే ప్రెయిజ్డ్ అనండి చాలు.

ఇక వాక్యం కట్టే తీరు. ఒకరిని ఫలానా పనికి మెచ్చుకున్నారని చెప్పాలంటే కమెండ్ వెంటనే ఆ మనిషి రావాలి, తర్వాత ఫర్, ఆ తర్వాత నామవాచకమో ఇంగ్ రూపమో: "దే కమెండెడ్ హిమ్ ఫర్ రిటర్నింగ్ ద పర్స్". మనవాళ్లు ఎక్కువగా జారేది "దే కమెండెడ్ దట్ హి రిటర్న్‌డ్ ద పర్స్" దగ్గర. తెలుగులో "పర్సు తిరిగిచ్చాడని మెచ్చుకున్నారు" అంటాం కదా, ఆ "అని" కాస్తా దట్ అయి కూర్చుంటుంది. కమెండ్ పక్కన దట్ నిలవదు. మనిషిని వదిలేసి "ద మేనేజర్ కమెండెడ్" అని ఆపినా వాక్యం కుంటుతుంది.

మనిషి ముందు టు పెడితే మాత్రం అర్థమే మారిపోతుంది. లాటిన్‌లో ఈ మాట మూలంలో ఉన్నది చేయి, ఇవ్వడం: చేతికి అప్పజెప్పడం అన్నమాట. లూకా సువార్త తీసుకోండి. 1611 నాటి కింగ్ జేమ్స్ అనువాదంలో 16వ అధ్యాయంలో యజమాని గృహనిర్వాహకుణ్ని కమెండ్ చేస్తాడు, 23వ అధ్యాయంలో యేసు తన ఆత్మను తండ్రి చేతుల్లోకి కమెండ్ చేస్తాడు. తెలుగు బైబిల్లో మొదటిచోట "మెచ్చుకొనెను", రెండోచోట "అప్పగించుకొనుచున్నాను". ఇంగ్లీషు ఒకే మాటతో గడిపిన చోట తెలుగుకి రెండు కావలసి వచ్చాయి.

ఈ పాత అర్థం ఇప్పటికీ బతికున్న చోటు పార్లమెంటు. 1991 జులై 24న మన్మోహన్ సింగ్ బడ్జెట్ ప్రసంగం ముగించింది "ఐ కమెండ్ ద బడ్జెట్ టు దిస్ ఆగస్ట్ హౌస్" అనే. తన బడ్జెట్‌ని తనే పొగుడుకోవడం కాదది, ఆమోదం కోసం సభ ముందు ఉంచడం. దాన్ని "ప్రశంసిస్తున్నాను" అని అనువదిస్తే నవ్వులపాలే.

"ద ప్లాన్ హాజ్ లిటిల్ టు కమెండ్ ఇట్" అన్నది మెయిల్లో కనిపిస్తే, పొగడ్త మాట ఉంది కదా అని సంబరపడొద్దు. ఆ ప్లాన్‌లో చెప్పుకోదగ్గ మంచేమీ లేదని మర్యాదగా చెప్పడం అది. "కమెండబుల్ ఎఫర్ట్" కూడా సందర్భం చూసి తీసుకోవాలి. పని కాలేదు గానీ కష్టపడ్డారు అని చెప్పడానికీ అదే వాడతారు.

పోటీల్లో "హైలీ కమెండెడ్" అంటే సాధారణంగా బహుమతి రాలేదు గానీ దాని దరిదాపుల్లోకి వచ్చారని. రెజ్యూమెలో దాన్ని ప్రైజ్ విన్నర్ అని మార్చి రాస్తే ఇంటర్వ్యూలో సర్టిఫికెట్ చూపించమన్నప్పుడు ఇబ్బంది పడతారు. ఉన్నది ఉన్నట్టు రాయండి, అదీ గౌరవమే.

స్పెల్లింగ్‌లో కమెండ్‌కి ఎం రెండు. రికమెండ్‌కీ ఎం రెండే, సి మాత్రం ఒకటే. పలికేటప్పుడు బలం "మెండ్" మీద. ఆ "మెండ్"ని "మాండ్" అని సాగదీస్తే కమాండ్ అని వినబడే ప్రమాదముంది.